సార్ ఎక్కిన పెద్ద పడవ

మాదాపూర్‌లో మా ఆఫీసు ఎదురుగా ఏవో కొత్త అపార్టుమెంట్ల ఫ్లెక్సీకి ఒక మూల ఊడిపోయింది. మొన్న సాయంత్రం క్యాబ్ కోసం నిలబడి ఉంటే అది గాలికి టపటపా కొట్టుకుంటోంది. సరిగా బిగించని తెరచాప చప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. క్యాబ్ వచ్చి, డ్రైవరు హారన్ కొట్టి, చివరికి ఫోన్ చేసి విసుక్కునేదాకా నేను కదల్లేదు. నర్సింగరావు సార్ గుర్తొచ్చారు. ఆయన గుర్తొస్తే నాకు ముందు ఏడుపు రాదు, కడుపు మండుతుంది. ఆయన మీద కాదు, శ్రీకాంత్ మీద.

సార్ మా ఆఫీసులో సెక్యూరిటీ మేనేజరు. పాతబస్తీలో పుట్టి పెరిగి, సైన్యంలో చేరి, అక్కడే తెరచాప పడవ నడపడం నేర్చుకున్న మనిషి. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఆయనకో పాత చెక్కపడవ ఉండేది. ఇద్దరెక్కితే మూడోవాడికి చోటుండేది కాదు. మాది కాకినాడ అని తెలియగానే, "అరే ప్రసాదూ, సముద్రం పక్క నుంచి వచ్చి పడవ నడపరాదంటవేందిరా? జర సిగ్గుండాలె!" అని ఒక ఆదివారం లాక్కుపోయారు. నిజమే, కాకినాడలో పుట్టిన నేను మొదటిసారి పడవెక్కింది హైదరాబాదులోనే. ఇంట్లో చెబితే మా అక్క వారం రోజులు నవ్వింది.

ఆ మొదటి రోజు గాలి ఒక్కసారిగా పెరిగింది. నేను తెరచాప తాడు పట్టుకుని శక్తికొద్దీ గుంజుతున్నాను. "ఢీల్ ఇయ్యిరా, ఢీల్ ఇయ్యి!" అని సార్ అరిచారు. ఆ రోజుల్లో మా ఆఫీసులో ఎవరి నోట విన్నా స్థలాల డీళ్ళ గురించే. "ఏం డీల్ సార్?" అని వెనక్కి తిరిగి అడిగాను. అంతే, పడవ బోర్లా పడింది. నీళ్ళలో తేలుతూ ఆయన ఒకటే నవ్వు. "పతంగి ఎగరెయ్యలేదారా ఎన్నడూ? ఢీల్ అంటే దారం వదులుడు! గాలి గుంజుతుంటే నువ్వు గూడ గుంజుతే ఎట్ల?" ఆయన పాఠమంతా పతంగుల భాషలోనే సాగేది. ఆ భాషలోనే నాకు విద్య వచ్చింది.

ఇక శ్రీకాంత్. మా టీమే. గోపన్‌పల్లి వాడు. పొలాలు అపార్టుమెంట్లయ్యాక ఇంటిల్లిపాదీ తెల్లాపూర్‌లో విల్లాకు మారారు. మా ఆదివారాల సంగతి విని తనూ వస్తానన్నాడు. వచ్చినవాడు ఊరికే రాలేదు, కొత్త ఫైబర్ పడవ కొనుక్కుని మరీ వచ్చాడు. మా పడవకి రెండింతల పొడవు, నలుగురు హాయిగా కూర్చోవచ్చు. చాపలు పాలలా తెల్లన. వేలితో లాగితే కదిలేలా కప్పీలు, రంగురంగుల తాళ్ళు. అడుగున ఇనుప బరువు ఉంది కాబట్టి బోర్లా పడే భయం లేదు. మా చెక్కపడవ నీళ్ళు తాగేది, ఒకరు నడుపుతుంటే ఒకరు డబ్బాతో తోడుతూ ఉండాలి. "ఇది పడవా, డ్రాయింగ్ రూమా?" అని వెక్కిరించాను గానీ, ఎవరూ చూడకుండా దాన్ని రెండుసార్లు తడిమి చూశాను. పొరుగింటి పుల్లకూర మరి! న్యాయంగా చెప్పాలంటే, గాలి జోరుగా ఉంటే దాన్ని అందుకోవడం మా తరం కాదు. చిరుగాలిలో మాత్రం అది ఒళ్ళు విరుచుకునేలోపే మాది బయలుదేరేది.

అప్పుడు తెలంగాణ ఉద్యమం ఉడుకు మీద ఉంది. వారానికో బంద్. క్యాంటీన్‌లో ఎవరి బల్ల వాళ్ళదైపోయింది. సార్ బండి మీద జై తెలంగాణ స్టిక్కర్ ఉండేది. ఆ మనిషే వచ్చి మా బల్ల దగ్గర కూర్చుని, "అరే, ఇటు తే" అంటూ నా డబ్బాలో గోంగూర సగం ఖాళీ చేసేవారు.

ఆ ఏడాది చెరువులో జరిగే పడవల పోటీకి సార్, నేను నెలల తరబడి సాధన చేశాం. ఆయన పక్కన కూర్చుని గెలవాలి, శ్రీకాంత్ చూస్తుండగా గెలవాలి. నాకు కావలసింది అంతే. పోటీకి మూడు రోజుల ముందు ఆఫీసు గేటు దగ్గర సార్ ఆపారు.

"అరే, ఆదివారం నేను శ్రీకాంత్‌గాని పడవల కూసుంట. చిన్నది నువ్వు తీస్కపో."

"అదేంటి సార్! మరి నేను?"

"నీకేంది, ఒక్కనివే నడుపుతవ్."

ఒళ్ళు మండిపోయింది. "అంతేలెండి. వాడు మీవాడు కదా. వచ్చినోళ్ళకి పాత చెక్కలు చాలు" అనేశాను. పక్కనున్న గార్డు తల తిప్పేసుకున్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు.

ఆదివారం చిరుగాలే. మా చెక్కపడవే ముందుంది. వెనక్కి తిరిగి చూస్తే, పెద్ద పడవలో శ్రీకాంత్ కొయ్యబారిపోయి ఉన్నాడు. లైఫ్ జాకెట్ పట్టీని ఒక చేత్తో వదలకుండా పట్టుకున్నాడు. వాడికి నీళ్ళంటే భయమని అప్పుడు తెలిసింది. రెండో చేతి మీద సార్ చెయ్యి ఉంది. వాడి భయం చూసి కూడా నాకు జాలి కలగలేదు, ఆ చెయ్యే కనబడింది.

గెలిచాను. తడిబట్టలతోనే పరుగెత్తి సార్ ముందు నిలబడ్డాను.

"చాలా బాగా నడిపారండి" అన్నారు. "వానికి రాదు, అందుకే పోయిన. మీకు వచ్చు కదండి."

ఆయన నోట 'అండి' వినడం అదే మొదలు. కోపంగా అనలేదు, ఎంతో మర్యాదగా అన్నారు. ఆ తర్వాత క్షమించమని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ, "అయ్యో, అదేం మాటండి, ఫికర్ చెయ్యకండి" అన్నారు. క్యాంటీన్‌లో పక్కనే కూర్చునేవారు, పెట్టింది తినేవారు, డబ్బా మాత్రం లాక్కునేవారు కాదు. ఉద్యోగం మానేసి వెళ్తూ చెక్కపడవ నాకే ఇచ్చారు. తీసుకున్నాను.

శ్రీకాంత్ పెద్ద పడవ ఎప్పుడో అమ్మేశాడు. సార్‌ని చివరిసారి దవాఖానలో చూడబోతే, మంచం పక్కన కుర్చీలో వాడే ఉన్నాడు. నన్ను చూసి సార్ కష్టంగా తల ఎత్తారు.

"అరే, లేవురా. ప్రసాద్ గారు వచ్చిండ్రు, కుర్చీ ఇయ్యి."

శ్రీకాంత్ లేచాడు. నేను కూర్చున్నాను. జీవితంలో ఎవరిని చూసీ అంతగా అసూయపడలేదు, ఆ లేచి నిలబడ్డవాణ్ణి చూసి పడినంతగా.