ముగ్గు లేని వాకిలి

పట్నంలో చూలై పేటలోని ఆ ఇరుకు సందులో పొద్దున ఆరుకల్లా ప్రతి వాకిట్లోనూ కళ్ళాపి చల్లి ముగ్గు వేసి ఉండాలి. చావు జరిగిన ఇంటి ముందే ముగ్గుండదు.

భువనేశ్వరికి పదిహేనేళ్ళు. తండ్రి లేడు. తల్లి వాసవాంబకు రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట వస్తుంది గాని గొంతు గది దాటదు. అప్పట్లోనే మేనమామ వెంకటపతి, అదే పట్నంలోని తొండియార్‌పేట నుంచి వచ్చి, "నీ వల్ల కాదే. బడి మానేసి ఇద్దరూ మా ఇంటికొచ్చేయండి," అన్నాడు.

"పది పాసయ్యేదాకా ఆగు మామా," అంది భువనేశ్వరి.

"సరి. ఏదన్నా తేడా వచ్చిందో, ఆ రోజే బండి తెస్తా."

అప్పట్నుంచి ఆ పిల్ల ఇంటి సంగతి గడప దాటనివ్వలేదు.

తొంభై ఆరులో పదో తరగతి పరీక్షల మొదటిరోజు. తెల్లారేలోపు తల్లి పక్క రెండుసార్లు తడిసింది. కడిగి, గుడ్డలు మార్చి, ఇడ్లీ తినిపించి, ఒత్తిగిల్లబెట్టేసరికి ఎనిమిదయింది. భువనేశ్వరి వాకిలి ఊడవకుండానే, ఈ రోజు మధ్యలో వచ్చి చూసే వీలుండదని, రోజూ పెట్టే గొళ్ళేనికి తాళం కూడా వేసి పరిగెత్తింది.

ఎదురింటి చెల్లమ్మ చూసింది. ముగ్గు లేదు, తాళముంది. రాత్రికి రాత్రే ఆస్పత్రికి తీసుకుపోయారు, అంతా అయిపోయింది అనుకుంది. సందు చివరి కొట్లోంచి తొండియార్‌పేటకు ఫోను చేసింది.

ఒంటిగంటన్నరకు భువనేశ్వరి తిరిగొచ్చేసరికి అరుగు మీద వెంకటపతి కూర్చున్నాడు, ఒళ్ళో పెద్ద గులాబీమాల. పక్కన చెల్లమ్మ ముక్కు చీదుతోంది.

"ఏ ఆస్పత్రిలో పెట్టినారే?" అన్నాడు వెంకటపతి.

"ఎవురిని మామా?"

"మీయమ్మనే!"

"అమ్మ లోపలే ఉంది కదా."

తాళం తీసింది. వాసవాంబ తమ్ముణ్ణీ మాలనూ మార్చి మార్చి చూసింది. "ఇందాకట్నుంచి ఆడ ఏడస్తా ఉండింది మీరేనా? పిలిస్తే పలకరే! ఎవురికిరా అంత మాల?"

"ముగ్గు లేకపోతే నేనేమనుకునేది, నువ్వే చెప్పక్కా!" అంటూ చెల్లమ్మ జారుకుంది.

వెంకటపతి సిగ్గు కాస్తా కోపమైంది. "మనిషిని లోపలేసి తాళమా? నిప్పంటుకుంటే ఎవురు తీస్తారు? చాలమ్మా చాలు. ఇప్పుడే బండి పిలుస్తా."

ఆయన అన్నది నిజమేనని భువనేశ్వరికీ తెలుసు.

ఆయన అక్క చంకల కింద చేతులు పెట్టి ఎత్తబోయాడు. ఆమె కదల్లేదు సరిగదా, "అబ్బా, చెయ్యిరా!" అని మూలిగింది.

"అట్ల కాదు మామా." ఆ పిల్ల తల్లిని మంచం అంచుకు జరిపి, తన మోకాలు తల్లి మోకాలికి ఆనించి, ఆమె నడుముకు తువ్వాలు చుట్టి పట్టుకుని, ఒక్క ఊపులో లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. రవిక పక్కకు జరిగితే వెంకటపతికి అక్క వీపు కనపడింది. రెండేళ్ళు మంచాన ఉన్న వీపు. ఒక్క పుండు లేదు.

మాల తీసి కిటికీ చువ్వకు తగిలించాడు.

"ఇంకా ఎన్ని పరీక్షలు?"

"ఆరు."

"ఆ ఆరు దినాలూ మీ అత్త ఈడికొస్తుంది. తాళం నాకియ్యి."

"తర్వాత?"

"ముందు పాసవ్వు. ఏ బడిలో చేరేదీ అప్పుడు చూస్తాం."

మరునాడు అత్త వచ్చింది. ఎత్తడం ఆమెకు మూడోసారికి గాని పట్టుబడలేదు. నేర్పి బయటపడేసరికి బస్సు పోయింది. భువనేశ్వరి పది నిమిషాలు ఆలస్యంగా హాల్లో కూర్చుంది. అయినా, అమ్మ దగ్గర మనిషుందని, ఆ రోజు ఒక్కసారి కూడా గడియారం వైపు చూడలేదు.