తోకచక్రం విమానం

ముప్పై ఏళ్లు బండికి ఒక్క గీత పడనివ్వకుండా మెదక్ నుంచి ఏడుపాయలకు బస్సు నడిపి రిటైరైన ఎల్లం, కూతురి కంప్యూటర్‌లోని సిమ్యులేటర్‌లో ఒక పాతకాలపు విమానాన్ని రన్‌వే దాకా కూడా తీసుకుపోలేకపోతున్నాడు. తోక కింద చిన్న చక్రమున్న ఆ విమానం ముక్కు పైకెత్తి నిలబడుతుంది. ఎదురుగా దారి కనపడదు. వారం రోజులుగా కాస్త వేగమందుకోగానే గిర్రున తిరిగి గడ్డిలో పడుతోంది.

"బస్సు నడిపినోనికి గిదేం లెక్క అంటివి గద బావా," అని బామ్మర్ది రాజేందర్ నవ్వేసరికి ఎల్లంకు ఒళ్లు మండింది.

"నవ్వుడు ఆపు. తొవ్వ కనవడని బండి చేసినోణ్ణి అను."

"చేతులతోని కాదు బాపూ," అంది కూతురు ఆశ్రిత. "నేల మీద దీన్ని కాళ్లతోనే తిప్పాలె. తోక జరిగినంక తొక్కితే లాభం లేదు, జరుగుతుందనంగనే జర తొక్కాలె. పాము లెక్క అటిటు తిప్పుకుంట పోతే పక్కల నుంచి తొవ్వ కనవడ్తది."

కూతురితో చెప్పించుకోవాల్సి వచ్చినందుకు కోపం ఇంకా పెరిగింది. పళ్లు బిగబట్టి, కింద పెట్టిన పెడళ్లను ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా తొక్కాడు. విమానం వంకరటింకరగా కదులుతూ రన్‌వే చేరి ఆగింది. రాజేందర్ చప్పట్లు కొట్టబోయాడు.

"నీ చప్పట్లు నాకొద్దు," అన్నాడు ఎల్లం లేస్తూ. "వచ్చి ఈడ కూసో. ఇగ నువ్వు నడుపు, నేను చూస్త."