రమణి వ్యాను బ్రేక్ లైటు

గూడెం కొత్తవీధి చుట్టుపక్కల సంతలకు వెళ్ళేవాళ్ళలో రమణి వ్యాను ఎరగనివారు లేరు. వెనక తలుపు పైకెత్తితే లోపల నీలం, గులాబి రంగు లైట్ల పట్టీలు వెలిగేవి. ఆ వెలుగులో గాజులు, పూసల దండలు, జడ క్లిప్పులు తళతళలాడుతుంటే, మబ్బు పట్టిన రోజున కూడా ఆడవాళ్ళు ముందు ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆ లైట్లన్నీ రమణి తన చేత్తో బిగించుకున్నవే.

ఆమెది చోడవరం పక్క పల్లె. పెళ్ళయ్యాక భర్త లక్ష్మీప్రసాద్‌తో కలిసి కొండమీది గూడెం కొత్తవీధికి కాపురం వచ్చింది. అతను వీధిలో కిరాణా కొట్టు చూసుకుంటే, ఆమె పాత వ్యాను నడుపుకుంటూ సంతలు తిరిగేది. మొదటి వానాకాలంలోనే అది నడిరోడ్డు మీద ఆగిపోయింది. చింతపల్లి నుంచి మెకానిక్కు వచ్చేసరికి సంత కాస్తా అయిపోయింది. తీసుకెళ్ళిన సరుకు తీసుకెళ్ళినట్టే ఇంటికి తెచ్చుకుంది. ఇంకోసారి ఎవరి కోసమూ రోడ్డు పక్కన కూర్చోకూడదనుకుంది. ఫోనులో వీడియోలు చూసి ప్లగ్గులు తుడవడం, బెల్టు మార్చడం, మాడిన ఫ్యూజు తీసి కొత్తది వెయ్యడం నేర్చుకుంది. గ్రీజు చేతులతో ఆమె అన్నం కలపబోతే లక్ష్మీప్రసాద్ విసుక్కునేవాడు గానీ, కొట్టుకొచ్చిన ప్రతివాడితోనూ, "మాయావిడ ఇంజను ఇప్పి బిగించీగల్దు" అని చెప్పకుండా పంపేవాడు కాదు.

రిపేర్లు అవసరం కొద్దీ నేర్చుకుంది. లైట్లు మాత్రం ఇష్టం కొద్దీ. ముందు పొగమంచు కోసం పసుపు లైట్లు పెట్టింది. తర్వాత వెనక అద్దం కింద ఎర్ర పట్టీ ఒకటి అంటించింది. బ్రేకు తొక్కినప్పుడల్లా అది ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తేది. దానికోసం బ్రేక్ లైటుకు వెళ్ళే వైరు కత్తిరించి, కొసలు మెలిపెట్టి, పైన టేపు చుట్టింది. సీసం కరిగించి అతకాలని తెలుసు. రేపు చేద్దాంలే అనుకుంది. ఆ రేపు రాలేదు.

అదే దారిలో గాసి జీపు తోలేవాడు. కొండమీది గూడేల నుంచి జనాన్ని ఎక్కించుకుని సంతలకు చేర్చేవాడు. రమణి వ్యాను మొరాయిస్తే జీపు ఆపి, జనం చేత తోయించి మరీ వెళ్ళేవాడు.

ఆ చలికాలం ఒక ఉదయం గాసి జీపు ఆమె వెనకే వస్తోంది. మంచు పాలలా కమ్ముకుని ఉంది. మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా ఆవులు. రమణి బ్రేకు గట్టిగా తొక్కింది. వెనక హారను మోత, టైర్ల కీచు, ఆ వెంటనే జనం కేకలు. ఆమె వ్యానును గుద్దకుండా గాసి జీపును పక్కకు తిప్పేశాడు. జీపు కాలవలోకి దిగి ఒక పక్కకు ఒరిగిపోయింది.

అందరూ ఎలాగో బయటపడ్డారు. పసుపు మూటతో సంతకు బయల్దేరిన సోములమ్మ అనే ముసలామె మాత్రం లేవలేకపోయింది. తొడ దగ్గర ఎముక విరిగింది.

గాసి రమణి దగ్గరికొచ్చాడు. "బ్రేకు లైటు ఎలగనేదు సావుకారమ్మా! బండి ఎల్తందనే అనుకున్నాను."

"ఎర్ర లైట్లు ఎలుగుతునే ఉన్నాయి కదరా! కళ్ళు కనపడవా?" అని ఎవరో కసిరారు.

ఆ మాటా అబద్ధం కాదు. ముందు లైట్లు వేస్తే వెనక ఎర్ర లైట్లు ఎప్పుడూ సన్నగా వెలుగుతూనే ఉంటాయి. బ్రేకు తొక్కితే అవి ఇంకా గట్టిగా మండాలి. ఆ తేడా అక్కడున్నవాళ్ళకు తట్టలేదు. రమణికి తట్టింది. చుట్టి వదిలేసిన టేపు కూడా గుర్తొచ్చింది. కానీ అందరూ తనవైపే చూస్తున్నారు.

"ఎలిగింది గాసీ. మంచులో నీకు కనపడనేదేమో," అంది.

గాసి కళ్ళు నులుముకున్నాడు.

ఇంటికి రాగానే ఆమె భర్తను వ్యాను వెనక నిలబెట్టింది. "తొక్కుతున్నాను, సూడు. ఎలుగు పెరుగుతందా?"

"ఏటి పెరగడం? ఇందాకటిలాగే ఉన్నాది. పట్టీ కూడా పరిగెట్టనేదు."

ఆమె దిగి లైటు విప్పింది. చెమ్మకు టేపు జారి, వైరు కొసలు దేనికది విడిపోయి ఉన్నాయి. లక్ష్మీప్రసాద్ ఆమె మొహం చూసి గ్రహించాడు. ఆమెను లోపలికి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసి, "ఎవరితోటీ అనకు. కిందనుంచొచ్చి ఇక్కడ బతుకుతున్నోళ్ళం. ఊరంతా మనమీదకొచ్చేస్తాది," అన్నాడు. రమణి ఆ పూటే సీసం పెట్టి వైరు అతికేసింది. చేయి తిరిగిన పనే అయినా వేళ్ళు కాల్చుకుంది.

పాడేరు ఆసుపత్రిలో సోములమ్మను చూడడానికి పళ్ళు, రొట్టెలు పట్టుకుని వెళ్ళింది. ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. "జీపులో నాతో కూసున్నోళ్ళు కూడా రానేదు. నువ్వు సల్లగుండాలమ్మా," అంది. రమణి తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

తర్వాత గాసి ఆ దారిలో కనబడలేదు. జీపు వేరేవాడు తోలుతున్నాడు. యజమాని తీసేసి ఉంటాడనుకుంది. కాఫీ గింజల కోత ముగిసే రోజుల్లో, సంతలో బస్తాలు మోస్తూ ఎదురయ్యాడు.

"జీపు మానిపించేసేరా గాసీ?" అని అడిగింది, అతని మొహం చూడకుండా.

"నేదు సావుకారమ్మా. నేనే తాళాలిచ్చేసినాను. కళ్ళ డాక్టరు బాగానే ఉన్నాయన్నాడు. బాగుంటే ఎలిగిన లైటు ఎందుకు కనపడనేదు? ఈసారి ఎవుల్నో సంపేస్తానేమోనని బయమేసింది. ఇంటిదగ్గర దీపం సూసినా అనుమానమే, నిజంగా ఎలుగుతందా అని."

బస్తా భుజం మార్చుకుని వెళ్ళిపోయాడు. ఆరోజు రమణి ఒకామెకు చిన్న సైజు గాజులు తొడగబోయి చెయ్యి గీరేసింది. యజమాని కోపాన్నో, జనం నిందనో గాసి మోస్తున్నాడని ఇన్నాళ్ళూ అనుకుంది. తన ఒక్క మాటతో అతను తన కళ్ళను తానే నమ్మకుండా అయిపోయాడని ఆమె ఊహకు కూడా అందలేదు. ఇంటికొచ్చి భర్తతో, "నేను సెప్పీస్తాను," అంది. అతను వద్దన్నాడు, బతిమాలాడు, చివరికి అలిగి కంచం ముందునుంచి లేచిపోయాడు.

మరుసటి సంతలో ఆమె దుకాణం తెరవకుండానే గాసి దగ్గరికి వెళ్ళింది.

"నీ కళ్ళు బాగున్నాయి గాసీ. ఆ వేళ బ్రేకు లైటు ఎలగనేదు. వైరు నేనే పాడుసేసేను. తెలిసే అబద్ధమాడేను."

గాసి బస్తా దించాడు. "మళ్ళీ సెప్పు."

మళ్ళీ చెప్పింది. అతని దవడలు బిగుసుకున్నాయి. "అందరి ముందూ అన్నావు కదా ఎలిగిందని. అందరి ముందే సెప్పు."

జీపులు ఆగేచోటికి అతను ముందు నడిచాడు, ఆమె వెనక. మొదటి మాటలు ఎవరికీ వినబడలేదు. గట్టిగా అనమని ఎవరో అరిస్తే, మొదటినుంచి మళ్ళీ చెప్పింది. కొందరు తిట్టారు. ఒకామె పోయిన సంతలో కొన్న దండ ఉందేమోనని సంచీ తడుముకుంది, తిరిగి ఇచ్చేద్దామని. జీపు యజమాని మాత్రం తలొంచుకుని గాసి పక్కన నిలబడ్డాడు. అక్కణ్ణుంచి పోలీసు స్టేషనుకు వెళ్ళి ఆమె అదే మాట చెప్పింది. అప్పటికి లక్ష్మీప్రసాద్ కొట్టు మూసి వచ్చేశాడు. బల్లమీద ఆమె పక్కన కూర్చున్నాడు.

సోములమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"అందుకా పళ్ళట్టుకొచ్చినావు," అంది. "కాలు ఎలాగూ ఇరిగింది. నీకిచ్చిన దీవెనే ఇప్పుడు నా నోట్లో సేదుగా ఉన్నాది," అని లోపలికి వెళ్ళిపోయింది.

రమణి ఇప్పటికీ సంతలు తిరుగుతుంది. చిన్నాచితకా రిపేర్లు చేసుకుంటుంది గానీ, వైర్ల జోలికి పోదు. గాసి మళ్ళీ జీపు ఎక్కాడు. ఎదురుపడితే తలూపుతాడు, మాట్లాడడు. ఆమె వెనకే రావలసి వస్తే మాత్రం జీపును బాగా వెనక ఉంచి, రెండు బళ్ళు పట్టేంత ఖాళీ వదిలి తోలుతాడు. అద్దంలో ఆ ఖాళీ రోడ్డు కనబడుతూనే ఉంటుంది రమణికి.