కాటా బాబాయి బరువు

మిర్చి యార్డులో మా కొట్టుకి కాటా వేసే బాబాయి ప్రతి అంకెనీ రాగం తీసి అరిచేవాడు. గుమస్తాని కాబట్టి, ఆయన అరిస్తే నేను రాసుకునేవాణ్ణి.

ఆయనకి షుగర్. ఫోన్లో చూసి నేను మొదలుపెట్టిన ఉపవాసం డైట్‌ని ఆయనకి అంటగట్టింది నేనే. పగలంతా నిమ్మకాయ నీళ్లు, సాయంత్రం ఒక్కపూట తిండి. పెద్ద డాక్టర్‌లాగా, మాత్రలు కూడా ఆపేయమన్నాను. రోజూ పొద్దున్నే బస్తాల కంటే ముందు తనే కాటా ఎక్కి, "డెబ్భై ఆరూ! చెప్పులకి తరుగు తీసెయ్‌రా" అని నవ్వేవాడు. బరువు తగ్గుతుంటే మేమంతా చప్పట్లు కొట్టాం.

మూడో నెలలో బరువు మళ్లీ పెరగడం మొదలైంది. "ఏం బాబాయ్, చాటుగా బిర్యానీ లాగిస్తున్నావా?" అని హమాలీలందరి ముందూ అడిగాను.

"ఒట్టురా, నువ్వు చెప్పినట్టే ఉంటున్నా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన పాదాలు ఉబ్బి చెప్పులు పట్టకపోతున్నా, నేను అంకెనే చూశాను.

ఆసుపత్రికి తీసుకెళ్తే, షుగర్‌తో కిడ్నీలు ముందే దెబ్బతిన్నాయనీ, పరీక్ష చేయించకుండా ఉపవాసాలుండి, మాత్రలు మానేసరికి పూర్తిగా పాడయ్యాయనీ డాక్టర్ చెప్పాడు.

డయాలసిస్‌కి ముందూ తర్వాతా మనిషిని తూకం వేస్తారని అప్పటిదాకా నాకు తెలీదు. మొదటిరోజు అయ్యాక, నర్సు కంటే ముందు ఆయనే అంకె చదివాడు. ఈసారి రాగం తీయలేదు. నావైపు తిరిగాడు.

"రెండు కిలోలు తగ్గానురా. అంతా ఒంట్లో పట్టిన నీరేనంట. రాసుకో, బిర్యానీ కాదు."