మోగని గాజులు

చోడవరంలో ఆడవాళ్ళ మొహాలు మరిచిపోతుంది గానీ చేతులు మరిచిపోదు రహమతున్నీసా. బజారు వీధిలో నలుగురు కూర్చుంటే ఐదోవాళ్ళు నిలబడాల్సినంత కొట్టు ఆమెది, గాజుల కొట్టు. వచ్చినావిడ పేరు అడగదు, ఊరు అడగదు. చెయ్యి అందుకుని, బొటనవేలి కింద కండను అలా రెండుసార్లు నొక్కి, "టూ ఫోర్" అని పెట్టె లాగుతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆ నోట తప్పు సైజు వచ్చిందన్నవాళ్ళు లేరు. వచ్చినా ఒప్పుకునే మనిషి కాదు లెండి.

ఆమె భర్త షరీఫుద్దీన్ బతికున్న రోజుల్లో సైకిలుకు గాజుల మలారం కట్టుకుని చీడికాడ, కె.కోటపాడు తిరిగేవాడు. ఇంటి దగ్గర అత్తగారు తొడిగేది. ఆ అత్తగారే కోడలికి రెండు విద్యలు నేర్పింది. మొదటిది గాజు తొడగడం, రెండోది ఒంటికి పట్టిన నీరు తీయడం. గాజుల మనిషికి వైద్యంతో పనేమిటని అడగకండి. నీరు పట్టిన సంగతి ముందు తెలిసేది ఆ చేతికే. నిరుడు సులువుగా ఎక్కిన గాజు ఈ ఏడు మెటికల దగ్గర ఆగిందంటే, వచ్చింది ఒళ్ళా నీరా అన్నది తేల్చుకోవాలి. ఒళ్ళయితే వేలు తీయగానే కండ పైకి లేస్తుంది. నీరైతే నొక్కినచోట గుంట పడి కాసేపు అలాగే ఉండిపోతుంది. "గుంటకి గుంట పడింది" అని, ఆ వైపు పిల్లనీ గుంటే అంటారు కాబట్టి, వచ్చిన ఆడపిల్లను ఆటపట్టించి, తర్వాత మందు చెప్పేది.

మందంటే పెద్దదేం కాదు. చెరకు నరికే రోజుల్లో పొద్దస్తమానం నిలబడి కాళ్ళు వాచినవాళ్ళకి, నెలసరి ముందు ఒళ్ళు బరువెక్కే వాళ్ళకి నాలుగే మాటలు చెప్పేది. ఉప్పు సగానికి తగ్గించు, ఎండుచేప, ఊరగాయ జోలికి పోకు. గలిజేరు ఆకు పెసరపప్పులో వేసి వండుకో. నానబెట్టిన ధనియాలు మరగబెట్టి ఆ నీళ్ళు తాగు. పడుకునేటప్పుడు కాళ్ళ కింద రెండు తలగడలు పెట్టుకో. కొట్టు వెనక దొడ్లో గలిజేరు పాకించి, అడిగినవాళ్ళకు గుప్పెడు కోసిచ్చేది. వారం తిరిగేసరికి వాపు తీసేది. "బూబమ్మ ఆకు తగిల్తే నీరు నిలవదే" అని వాళ్ళు వీధంతా చెప్పుకునేవారు. ఆ పొగడ్తంటే రహమతున్నీసాకు ఇష్టం. ఇష్టమేమిటి, ప్రాణం. తంటా అక్కడే వచ్చింది.

అత్తగారు ఇంకో మాట కూడా చెప్పింది. సాయంత్రం కాళ్ళకు దిగే నీరు పని వల్ల వచ్చింది, పొద్దున్నే మొహానికి ఎక్కే నీరు లోపలి జబ్బుది. కడుపుతో ఉన్నదానికి ఆ రెండోది కనిపిస్తే ఆకు పేరెత్తకు, డాక్టరు దగ్గరికి తరుము అని. ఆ మాట రహమతున్నీసా ఎప్పుడూ మరవలేదు. మరిచిపోయి ఉంటే ఇప్పుడు ఆమె మనసుకు కొంత సుఖంగా ఉండేది.

ఆ శుక్రవారం రోలుగుంట రోడ్డులో రాజ్యం ఇంట్లో కోడలి శ్రీమంతం. కోడలు దేవిశ్రీకి ఏడో నెల. కొడుకు దిలీప్ చెరకు ట్రాక్టరు తోలతాడు. పొద్దున్న ఎనిమిదింటికే గాజుల పెట్టెలతో రహమతున్నీసా వెళ్ళింది. పెళ్ళికి దేవిశ్రీకి గాజులు తొడిగింది ఆమే. మూడు నెలల కిందట కొట్టుకొస్తే మళ్ళీ తొడిగింది. రెండుసార్లూ టూ ఫోరే.

కుర్చీలో కూర్చున్న దేవిశ్రీని చుట్టూ ఉన్నవాళ్ళు చూసి మురిసిపోతున్నారు. "పెళ్ళినాడు పుల్లలాగుండేది, ఇప్పుడు సూడు, ఎంత ఒళ్ళు సేసిందో" అంటోంది ఒకావిడ. "రంగు కూడా తేలింది" అంటోంది ఇంకొకావిడ. రాజ్యం మొహం వెలిగిపోతోంది. కోడలికి తిండి పెట్టడం లేదని ఇంతకుముందు అన్నవాళ్ళందరూ అక్కడే ఉన్నారు మరి.

రహమతున్నీసా చెయ్యి అందుకుంది. టూ సిక్స్ మెటికల దగ్గరే నిలబడిపోయింది. బొటనవేలితో మణికట్టు పైన నొక్కింది. వేలు తీసింది. పడిన గుంట అలాగే ఉంది. ఆమె నాలుక చివరికి ఆ పాత హాస్యం వచ్చి ఆగిపోయింది. తలెత్తి దేవిశ్రీ మొహంలోకి చూసింది. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. టైము ఎనిమిదిన్నర కూడా కాలేదు.

"ఏటి మామ్మా, ఎక్కట్లేదా?" అంది దేవిశ్రీ.

"ఎక్కకేం. సెయ్యి వదులుగా ఒగ్గెయ్." గొంతు తగ్గించి అడిగింది. "తలనొప్పేటైనా వస్తందా?"

"వస్తంది మామ్మా. నిద్ర సాలకేమో."

రాజ్యం వినేసింది. "శుభమా అని గాజులు తొడుగుతా ఈ రోగాల మాటలేటి బూబమ్మా?" అంది. నవ్వుతూనే అంది గానీ, చుట్టూ ఉన్న నలుగురూ ఇటు తిరిగారు.

శ్రీమంతానికి పిలిస్తే అపశకునం పలికిందన్న పేరు గాజుల మనిషికి ఒక్కసారి పడితే, మళ్ళీ ఏ గడపలోనూ ఆమెకు పీట వెయ్యరు. రహమతున్నీసా నోరు మూసుకుంది. పెద్ద పెట్టె తెరిచి టూ ఎయిట్ తీసింది. అవి కూడా బిగుతుగానే ఉన్నాయి. దేవిశ్రీ చేతికి సబ్బు నురగ రాసి, పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, దానిమీంచి ఒక్కొక్క గాజునూ జారవిడిచి, కవరు లాగేసింది. చేతికి ఇరవై ఒకటి చొప్పున రెండు చేతులా నింపింది. వెళ్ళబోతూ రాజ్యాన్ని పక్కకు పిలిచి చెప్పింది. ఏం చెప్పింది? ఉప్పు తగ్గించమంది, ధనియాల నీళ్ళంది, తలగడలంది. సాయంత్రం మనిషిని పంపితే ఆకిస్తానంది. అసలు మాట మాత్రం రేపు చెబుదామనుకుంది.

రేపు చెప్పలేదు. ఎల్లుండి కూడా చెప్పలేదు. నాలుగో రోజున రాజ్యమే ఫోన్ చేసింది. "కాళ్ళ వాపు తీసేసింది బూబమ్మా. నీ సెయ్యి సల్లగుండ. సెప్పులు మళ్ళీ పడతన్నాయి గుంటకి." అది విని రహమతున్నీసా ఎంత పొంగిపోయిందంటే, మొహం సంగతి అడగనే లేదు. కాదు, అడగాలని గుర్తుంది. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని అడగలేదు. కాళ్ళు ఎత్తున పెట్టుకుని పడుకుంటే ఎవరి కాళ్ళ వాపయినా తీస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలియదా ఏమిటి? ఆ వారమంతా కొట్లో ఎవరి చెయ్యి పట్టుకున్నా బొటనవేలు దానంతటదే ఆగిపోయేది. "ఏటి మామ్మా, అలా సూస్తన్నావు?" అని వచ్చినవాళ్ళు అడిగేవాళ్ళు.

పదకొండో రోజు మధ్యాహ్నం దిలీప్ కొట్టు ముందు బండి ఆపాడు. "మామ్మా, దేవికి ఇంకొంచెం ఆకు కావాలంట. మాయమ్మ అడగమంది."

"మళ్ళీ ఎందుకు? నీరు తీసేసిందన్నారు కదా?"

"కాళ్ళకి తీసేసింది. సేతులు కొంచెం బరువుగా ఉన్నాయంటంది. నీ ఆకుతో పోతాదిలే. ఆశా వర్కరు మొన్నొచ్చి బీపీ సూపించుకోడానికి రమ్మంది. నీరెలాగూ దిగింది, ఈ ఎండలో ఎందుకని మాయమ్మ పంపలేదు."

రహమతున్నీసా చేతిలో గాజులు కింద పెట్టేసింది. "మొహం ఎలాగుంది?"

"నిండుగా ఉంది. కళ్ళు సిన్నవైపోయేటంత నిండుగా" అని నవ్వాడు దిలీప్. పిచ్చి సన్నాసి, నిజంగా సంతోషంగానే ఉన్నాడు.

"గాజులు మోగుతున్నాయా?"

"మోగట్లేదు మామ్మా. ఇంట్లో ఎక్కడుందో తెలియడమే లేదు. అన్ని గాజులు తొడిగేవు, ఒక్కటీ సప్పుడు సెయ్యదేటి?"

కడుపులో బిడ్డ వినాలని తొడిగే గాజులవి. రహమతున్నీసా లేచింది. కొట్టు చూస్తుండమని పక్క కొట్టు గణపతిరావుకి ఒక కేక వేసి, చెప్పులు కూడా వేసుకోకుండా దిలీప్ వెనక బండెక్కింది. చెరకు బళ్ళు అడ్డం వచ్చినప్పుడల్లా దిలీప్ భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

ఇంట్లో కిటికీలు మూసి ఉన్నాయి. వెలుతురు చూడలేకపోతున్నానంటే రాజ్యమే మూసిందట. దేవిశ్రీ మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. "మామ్మా, నీ మొహం సగమే అవుపిస్తంది" అంది.

"ఇంకేటి నొప్పి?"

"ఇక్కడ" అని రొమ్ము కింద, డొక్క దగ్గర చెయ్యి పెట్టింది. "తల పగిలిపోతంది."

"బిడ్డ తిరుగుతన్నాడా?"

"పొద్దుటి నుంచీ తిరగట్లేదు. నిద్రపోతన్నాడేమో."

రహమతున్నీసా ఆ చెయ్యి చూసింది. ఇరవై ఒక్క గాజులూ కండలో కూరుకుపోయి ఉన్నాయి. వేలితో తిప్పబోతే ఒక్కటీ కదల్లేదు.

"దిలీపూ, 108కి ఫోన్ సెయ్. ఇప్పుడే సెయ్."

"ఎందుకు కంగారు పెడతావు బూబమ్మా? నీరే కదా" అంది రాజ్యం. "ఆకు కొంచెం ఘాటుగా కాసి ఇయ్యి, తగ్గిపోతాది."

"నా ఆకు దీనికి పనిసెయ్యదు రాజ్యం. శ్రీమంతం నాడే పనిసెయ్యదని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. నువ్వేటనుకుంటావోనని, ఊరేటనుకుంటాదోనని ఊరుకున్నాను."

రాజ్యానికి ఆ మాట అర్థమయ్యేలోపే మంచం కిర్రుమంది. దేవిశ్రీ కళ్ళు పైకి తేలిపోయాయి. పళ్ళు బిగుసుకున్నాయి, ఒళ్ళంతా విల్లులా వంగి కొట్టుకోవడం మొదలుపెట్టింది. దిలీప్ ఫోన్ చెవిదగ్గరే పెట్టుకుని, అవతలివాళ్ళు అడ్రసు అడుగుతుంటే తన ఇంటి అడ్రసే చెప్పలేకపోయాడు. రహమతున్నీసా ఫోన్ లాక్కుని చెప్పింది.

అంబులెన్సు వచ్చేసరికి కొట్టుకోవడం ఆగింది గానీ పిల్లకి స్పృహ లేదు. అందులో వచ్చిన కుర్రాడు ఆమెను బండిలోకి ఎక్కించి, ప్రెషర్ చూసి, దిలీప్ మొహంలోకి చూడకుండా సూది తీశాడు. మణికట్టు నుంచి ముంజేతి సగందాకా గాజులే. "ఇవి తీసెయ్యండి, సూది పెట్టాలి" అన్నాడు. సబ్బు రాసినా, నూనె రాసినా రాలేదు.

"పగలగొట్టండి" అన్నాడా కుర్రాడు.

రాజ్యం కోడలి చేతుల మీద పడిపోయింది. "కట్టుకున్నోడు కళ్ళెదురుగా ఉండగా గాజులు తీస్తారా? నా కొడుక్కేటవ్వాల?"

పగలగొట్టడమన్న మాటే రహమతున్నీసా కొట్లో ఎవరూ అనకూడదు. చెయ్యి జారి గాజు చిట్లినా "పెరిగింది" అనాలి, వెంటనే దాని బదులు ఇంకోటి తొడిగించుకోవాలి. మొగుడున్న ఆడదాని చేతి గాజును ఆమె ఎన్నడూ కావాలని చిట్లించలేదు. తువ్వాలు తడిపి దేవిశ్రీ చేతికి చుట్టింది. రాజ్యం వేళ్ళను ఒక్కొక్కటే విడదీసి పక్కకు పెట్టింది. అంబులెన్సు రాడ్డుకు ఆనించి, తువ్వాలు మీద బొటనవేలితో గట్టిగా నొక్కుతూ ఒక్కొక్క గాజునే విరిచింది. దిలీప్ అవతలికి తిరిగి నిలబడ్డాడు. రెండు చేతులూ బోసిపోయాక ఆ కుర్రాడు సూది పెట్టాడు. బండి కదిలింది.

అనకాపల్లిలో చూసి విశాఖ పెద్దాసుపత్రికి పంపేశారు. వాపు ఎన్నాళ్ళ నుంచని అక్కడి డాక్టరమ్మ అడిగితే, "నిన్నటి నుంచే" అంది రాజ్యం. రహమతున్నీసా అడ్డం వచ్చింది. "పదకొండు రోజులమ్మా. మొహానికి, సేతులకి. నేను ఆకులిచ్చి కూకోబెట్టేను" అంది. డాక్టరమ్మ ఆమెను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండుననిపించింది రహమతున్నీసాకు. బిడ్డ గుండె అప్పటికే ఆగిపోయి ఉంది. మగబిడ్డ. తల్లిని మాత్రం దక్కించగలమేమో చూస్తామన్నారు.

రెండు రోజులు దేవిశ్రీ కళ్ళు తెరవలేదు. మూడో రోజు పొద్దున్న గండం గడిచింది, స్పృహ వస్తుంది అని చెప్పారు. ఈ మూడు రోజులూ రాజ్యం రహమతున్నీసాతో మాట్లాడలేదు, వెళ్ళిపొమ్మనీ అనలేదు. ఆ మాట విన్నాక మాత్రం దగ్గరికొచ్చింది. "బిడ్డ సంగతి నువ్వే సెప్పు" అంది. "సెప్పాల్సిన నాడు సెప్పలేదు కదా, ఇప్పుడు సెప్పు. నేను సెప్పలేను."

రహమతున్నీసా లోపలికెళ్ళి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. కాసేపటికి దేవిశ్రీ కళ్ళు తెరిచింది. మొహం వాపు తీసింది. ఎంత చిన్న మొహమో. నోరు తడారిపోయి ఉంటే నీళ్ళతో పెదాలు తడిపింది. దేవిశ్రీ చెయ్యెత్తబోయి, ఆ చెయ్యి చూసుకుంది. రెండోది చూసుకుంది. ఒక్క గాజు లేదు. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"మామ్మా, ఆయనకేటయింది?"

రహమతున్నీసాకు ముందు అర్థం కాలేదు.

"నా సేతులిలా సేసేరేటి? ట్రాక్టరు తిరగబడిందా? నిజం సెప్పు మామ్మా."

"ఏటీ అవలేదమ్మా. బాగున్నాడు. బయటే ఉన్నాడు."

"నువ్వు అబద్ధమాడతన్నావు."

రహమతున్నీసా లేచి తలుపు తీసి దిలీప్‌ను పిలిచింది. అతను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గడ్డం పెరిగిన ఆ మొహాన్ని దేవిశ్రీ చాలాసేపు చూసింది. తర్వాత పెద్దగా ఊపిరి వదిలి, తల దిండుమీద వాల్చింది.

"హమ్మయ్య" అంది. నవ్వింది కూడా. "ఇంకేటైనా పరవాలేదు మామ్మా."

దిలీప్ అక్కడ నిలబడలేక వెళ్ళిపోయాడు. రహమతున్నీసా వచ్చి కూర్చుని, ఆ బోసి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"దేవీ, నేను సెప్పేది ఇను" అంది.