మొదటి ప్రశ్న మోసుకుంటూ రెంటచింతలకి

నరసరావుపేట బస్టాండులో ఉదయం ఆరున్నరకి మాచర్ల బస్సు ఎక్కేటప్పటికే నాకు భయం పట్టుకుంది. ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే ఉచిత సున్నా టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఆడవాళ్లు ఈ దారిన వెళ్తే కార్డు మర్చిపోకండి, కండక్టరు ముఖం చూసి నమ్మడు.

నేను పత్రికలో ఆటల పేజీకి రాస్తాను. రెంటచింతల దగ్గర ఒక ఊళ్లో కోటేశ్వరి అనే కబడ్డీ అమ్మాయి ఉంది. గుక్క తిప్పుకోకుండా "కబడ్డీ కబడ్డీ" అంటూ గీత దాటి వెళ్లడాన్ని కూత అంటారు కదా, మొన్నటి ఫైనల్లో ఆఖరి కూతకి ఈ పిల్లే వెళ్లింది. మధ్యలో కూత తెగింది. జట్టు ఓడింది. అప్పట్నుంచి ఏ విలేకరితోనూ మాట్లాడటం లేదు. మా సార్ నన్ను పిలిచి, "మాట్లాడించుకుని రా. లేకపోతే సోమవారం నుంచి మార్కెట్ ధరలు రాసుకో" అన్నాడు. నా ప్రాణం అంతా ఆటల పేజీలోనే ఉంది. పత్తి ధరలు రాస్తూ బతకడం నా వల్ల కాదు.

మా విలేకరులకి వచ్చిన మొదటి ప్రశ్నలు మూడే. గెలిస్తే "ఎలా ఫీలవుతున్నారు?", ఓడితే "ఏం జరిగింది?", ఏమీ తోచకపోతే "మీ వెనక ఎవరున్నారు?" కోచ్ ఎదురైనా ఇవే, కాకపోతే చివర 'సార్' తగిలిస్తాం. వీటిలో ఒక్కటీ ఆ పిల్ల దగ్గర పనికిరాదు. కొత్తది తయారుచేసుకుని బస్సులో వల్లె వేస్తున్నాను.

"ఏందమ్మాయ్, నీలో నువ్వే గొణుక్కుంటన్నావ్? పరీక్షా?" అంది పక్కనున్న పెద్దావిడ.

"అట్లాంటిదే పిన్నీ. ఒకమ్మాయిని పలకరించాలి, మొదటి మాట ఎలా అనాలో తెలియడం లేదు."

"పెళ్లిచూపులా ఏంది?"

ముందు సీటాయన కూడా తిరిగి చూశాడు. సిగ్గుతో చచ్చాను.

పిడుగురాళ్లలో బస్సు కాసేపు ఆగింది. సున్నపు బట్టీల పొడి ఊరంతా తెల్లగా కప్పేసింది. స్టాండు ఎదురు బండి మీద ఇడ్లీ వేడిగా, బాగానే ఉంది, నాకే మింగుడు పడలేదు. అంతలో కోటేశ్వరి కోచ్ సుభానీ మాస్టారు ఫోన్ చేశారు.

"మొదటి మాట జాగర్త తల్లీ. మొన్నొకాయన 'కూత ఎందుకు తెగింది' అన్నాడు. గంప ఎత్తుకుని లోపలికి పోయింది, మంచినీళ్లు గూడా ఇయ్యలా."

ఇంకేముంది, మిగిలిన ఇడ్లీ అక్కడే వదిలేసి బస్సెక్కి మళ్లీ వల్లె వేయడం మొదలుపెట్టాను. గురజాల ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు దాటిందో నాకు తెలియదు.

తొమ్మిదిన్నరకి రెంటచింతలలో దిగాను. ఆ వేళకే ఎండ నెత్తి మాడ్చేస్తోంది. గొడుగు లేకుండా రావద్దు. షేర్ ఆటోలో ఊరు చేరి, (ఊరి పేరు రాయొద్దని కోటేశ్వరి మాట తీసుకుంది) అడుగుతూ వాళ్ల కళ్లానికి వెళ్లాను. నేలంతా ఎర్రగా మిర్చి ఆరబోసి ఉంది. కోటేశ్వరీ, వాళ్లమ్మా రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు.

నేను పేరు చెప్పుకోగానే ఆ పిల్ల ముఖం ముడుచుకుంది. చేతిలో గంప సర్దుకుంది. ఇంక ఆలస్యం చేస్తే లాభం లేదని ఊపిరి బాగా పీల్చుకుని, "కోటేశ్వరీ, నువ్వు మొదటిసారి..." అన్నాను.

అంతే. పీల్చిన ఊపిరితో మిర్చి ఘాటంతా గొంతులోకి దిగింది. దగ్గు! ఆగితే ఒట్టు. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. ప్రశ్న, పత్రిక, నా ఉద్యోగం అన్నీ ఆ దగ్గులో కొట్టుకుపోయాయనిపించి నిజంగానే ఏడుపొచ్చింది.

కోటేశ్వరి గంప కింద పెట్టేసి పకపకా నవ్వింది. "అక్కా, నీ కూత తెగింది! నువ్ అవుట్!" అని, ఒక మిరపకాయ తీసి మైకులాగా నా మూతి దగ్గర పెట్టింది. "చెప్పక్కా, అందరి ముందూ ఊపిరాగిపోయింది గదా, ఎలా ఫీలవుతున్నారు?"

నాకు మళ్లీ దగ్గే వచ్చింది. వాళ్లమ్మ నా వీపు రాస్తూ, ఆపుకోలేక ఆవిడా నవ్వేసింది.

"అమ్మా, నువ్ నవ్వమాక! ఆ రోజు గూడా నీ వల్లే..." అని కోటేశ్వరి నాలుక కరుచుకుంది.

"నా వల్లేందే?"

ఇక దాచలేకపోయింది. "నువ్వెప్పుడూ నా ఆట చూళ్లా గదమ్మా. ఆ రోజు కూతలో ఉండగా కనిపిచ్చావ్. అవతలోళ్లు నా కాలు పట్టుకోబోతంటే నువ్వు వాళ్లకి చప్పట్లు కొడతన్నావ్. నవ్వొచ్చింది. నవ్వితే కూత యాడుంటది? చెప్తే నువ్ బాధపడతావని నోరు మూసుకున్నా."

వాళ్లమ్మ పెద్దగా, "ఓసి నీ దుంపతెగ! నీకు దమ్ము తగ్గిందనుకుని రోజూ గుడ్లు ఉడకేసి పెడతన్నా గదే!" అంది. ముగ్గురం నవ్వాం. ఆవిడ మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంది, అది ఘాటు వల్ల కాదని నాకు తెలుసు. "రాసుకో అమ్మాయ్, ఈ సారి చప్పట్లు ఎవరికి కొట్టాల్నో నేర్చుకుంటానని గూడా రాయి" అంది. వద్దన్నా వినకుండా నాకూ రెండు గుడ్లు పెట్టింది.

నాలుగు గంటలకి తిరుగు బస్సు దొరికింది. పొద్దున తెలియకుండా దాటిన గురజాలని ఈసారి కళ్లారా చూశాను. మిర్చి కాలంలో ఈ వైపు వచ్చేవాళ్లు ముక్కుకి తువ్వాలు కట్టుకోండి. నాలాంటి పని మీద వచ్చేవాళ్లు మాత్రం కట్టుకోకండి.

పిడుగురాళ్ల దాటాక మా సార్ ఫోన్.

"మాట్లాడిందా?"

"మాట్లాడింది సార్."

"శభాష్! మొదటి ప్రశ్న ఏమడిగావ్?"

"ఆ అమ్మాయే నన్ను అడిగింది సార్, ఎలా ఫీలవుతున్నారని."

"నువ్వేం చెప్పావ్?"

"దగ్గాను సార్."