తెల్లరంగు లేని నందివర్ధనం

మొన్న గ్రంథాలయంలో ఒక పుస్తకం తిరగేస్తుంటే వసంతకాలపు పూల నీటిరంగుల బొమ్మ కనిపించింది. చిన్నతనం గుర్తొచ్చింది.

మా అమ్మ కడియం నర్సరీలో పనిచేసేది. పూలుంటే దారిలో మొక్క డీలా పడుతుందని, లారీ ఎక్కించేముందు అన్నీ తుంచేసేవారు. ఒక చైత్రమాసపు ఉదయం రాజమండ్రి నుంచి వచ్చిన ఒకావిడ నందివర్ధనం ముందు కూర్చుని బొమ్మ వేస్తోంది. అమ్మ పూలు తుంచుకుంటూ ఆ వరుసలోకే వస్తోంది. ఆవిడేమో తీరిగ్గా ఆకులు వేస్తోంది. పువ్వు ఉండాల్సిన చోటు ఖాళీ!

"తెల్లరంగు మర్చిపోయారేంటండి? మా అమ్మ వచ్చేత్తందండి!" అన్నాను కంగారుగా.

"నా దగ్గర తెల్లరంగే లేదమ్మా. చూస్తూ ఉండు," అని నవ్విందావిడ.

ఆ ఖాళీ చుట్టూ తడికుంచెతో ముదురు ఆకుపచ్చ పారించింది. ఉత్త కాగితం నా కళ్ళముందే అయిదు రేకులుగా విచ్చుకుంది. కాగితాన్నే తెలుపుగా మిగులుస్తారని తరవాత ఎన్ని పుస్తకాల్లో చదివినా, ఆ ఆశ్చర్యం తగ్గలేదు.

"అయిపోయిందమ్మా, ఇక తుంచుకోండి," అందావిడ.

అమ్మ బొమ్మనీ మొక్కనీ మార్చి మార్చి చూసింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇదొక్కటీ ఇలాగే ఎళ్ళనీండి," అంది.

ఆ సాయంత్రం లారీ నిండా ఆకుపచ్చ. మధ్యలో ఒకే ఒక్క తెల్లపువ్వు ఊగుతూ వెళ్ళింది.